ఆకుపచ్చ బాణం గుర్తు గారికి

మహారాజశ్రీ, ఓడల జాడ చూపే వెబ్‌సైటులో, బంగాళాఖాతం మ్యాపు మీద ఓడకి బదులుగా పాకుతున్న ఆకుపచ్చ బాణం గుర్తు గారి సముఖమునకు, విశాఖపట్నంలో సరుకు రవాణా చూసే ఫార్వర్డింగ్ ఆఫీసులో తమరి మీదే కళ్లు పెట్టుకు బతికే గుమాస్తా నమస్కరించి రాయునది.

కొలంబోలో పెద్ద ఓడ దిగి మీ ఫీడర్ (చిన్న ఓడ) ఎక్కిన మా పార్టీ (సరుకు యజమాని) కంటైనర్ బాక్స్ ఎక్కడుందని అడగనండీ. అది మీరు రేడియోలో చెబుతూనే ఉన్నారు. ఓడ కదిలితే 2 నుంచి 10 సెకన్లకోసారి, లంగరేస్తే 3 నిమిషాలకోసారి. నడిసముద్రంలో ఒడ్డు యాంటెనాలకు అందకపోతే ఉపగ్రహం చూపించాలి. అది శీఘ్ర దర్శనం, టికెట్టు వేరే.

మీ జాతకమూ నాకు కంఠతా వచ్చు. పొడవు, వెడల్పు, పుట్టిన ఏడాది, పేరు మారినా జెండా మారినా వదలని ఏడంకెల ఐఎంఓ (అంతర్జాతీయ నౌకా సంస్థ) నంబరు. వెయ్యి టీఈయూ (ఇరవై అడుగుల బాక్సులు) ఓడని గొప్పగా రాసుకున్నారు గానీ, బాక్సుకి 14 టన్నుల చొప్పున నింపితే అందులో మూడో వంతు దాకా కోతేనని తెలుసు లెండి.

పేచీ అంతా మీ ఈటీఏతోనే, అంటే రేవుకి చేరే అంచనా టైముతోనే. ఓడ ఎక్కడుందో జీపీఎస్ చెబుతుంది. గమ్యం, డ్రాఫ్ట్ (ఓడ నీటిలో మునిగిన లోతు), ఈటీఏ మాత్రం బ్రిడ్జి (ఓడ నడిపే గది) మీద ఆఫీసరు గారు స్వయంగా కొట్టాలి. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటే ఇదే. ఆ గడిలో నెల, తేదీ, గంట, నిమిషం ఉంటాయి, ఏడాది ఉండదు! ఏ ఏటి రాకో మేమే గ్రహించుకోవాలి. టైము యూటీసీలో (గ్రీనిచ్ టైములో) ఉండాలి కాబట్టి అయిదున్నర గంటలు కలుపుకుంటాం. ఆయన లోకల్ టైమే కొట్టేసి ఉంటే, కలిపినందుకు మేమే వెర్రివాళ్లం.

దాన్ని నమ్మి ట్రైలర్ పిలుస్తాం. పార్టీ గోడౌన్ దగ్గర హమాలీల్ని నిలబెడతాడు. డ్రైవరు లారీ పక్కన స్టవ్ వెలిగించి అన్నం పడేస్తాడు. తమరేమో రేవులో బెర్తు దొరక్క బయట ఔటర్‌లో లంగరు దించి, గాలి మారినప్పుడల్లా మ్యాపు మీద సున్నాలు చుడుతుంటారు. పక్కన స్టేటస్ మాత్రం ‘ఇంజన్‌తో ప్రయాణంలో ఉంది’. అది మార్చాల్సిందీ ఆ ఆఫీసరు గారే.

2017 జూన్‌లో నల్ల సముద్రంలో జీపీఎస్‌ని ఎవరో ఏమారిస్తే, మీ తోటి బాణాలు రష్యాలో గెలెంజిక్ ఎయిర్‌పోర్టులో తేలాయి. తమరికి ఇంకా అంత వైరాగ్యం రాలేదు, సంతోషం.

ఒక్కటే మనవి. గమ్యం గడిలో 20 ఇంగ్లీషు అక్షరాలు పడతాయి. ఆఫీసరు గారితో ‘ఇంకా తెలీదు’ అని కొట్టించండి. స్క్రీన్‌షాట్ తీసి పార్టీకి పంపేస్తాను.

ఇట్లు,
రిఫ్రెష్ బటన్ అరగదీసిన
తమ విధేయుడు