వాన్ గో రంగు మింగింది సంతోషం కోసం కాదు

చిత్రకారుడు విన్సెంట్ వాన్ గో గురించి ఒక ఫార్వర్డ్ మళ్లీ తిరుగుతోంది. సంతోషం లోపలికి వస్తుందని పసుపు రంగు తిన్నాడట, ప్రియురాలి కోసం చెవి కోసిచ్చాడట, బతికుండగా ఒక్క బొమ్మే అమ్ముడుపోయిందట, ఎవరికీ తెలియకుండానే పోయాడట. ఆయన బొమ్మలంటే నాకు ప్రాణం. చూస్తూ ఊరుకోలేక రాస్తున్నాను.

అన్నిటికన్నా బాధ కలిగించేది రంగు కథ. 1889 మేలో ఆయన ఫ్రాన్స్‌లో, సెయింట్ రెమీ అనే ఊళ్లోని మానసిక చికిత్సాలయంలో తనంతట తానే చేరాడు. జబ్బు తిరగబెట్టినప్పుడు బొమ్మల రంగులు మింగాడు. అక్కడి డాక్టర్ పేరోన్ దాన్ని విషం తీసుకునే ప్రయత్నమనే రాశాడు. అందుకే కొన్నాళ్లు ఆయనకు రంగులు అందకుండా చేశారు. ఒక మనిషి నరకం పడిన రోజుల్ని అందమైన కొటేషన్‌లా పంచుకోవడం చాలా తప్పు. పైగా అక్కడ వేసిన వాటిలో ఎక్కువ భాగం జబ్బు కాస్త తెరిపి ఇచ్చినప్పుడు, కుదురుగా కూర్చుని వేసినవే.

చెవి సంగతికి వస్తే, అంతకుముందే, 1888 డిసెంబర్ 23న, ఫ్రాన్స్‌లోని ఆర్ల్ అనే ఊళ్లో, తోటి చిత్రకారుడు గోగాతో గొడవపడిన రాత్రి అది జరిగింది. కోసిన చెవిని ఒక వేశ్యాగృహంలోని అమ్మాయి చేతిలో పెట్టాడు. ఆమె ఆయన ప్రియురాలు అనడానికి ఆధారమేమీ లేదు.

ఇక ఆ ‘ఒక్క బొమ్మ’. ఎర్రబడిన ద్రాక్షతోట, వాన వెలిసిన నేల మీద అక్కడక్కడా మెరిసే సాయంత్రపు ఎండ, వంగి పళ్లు కోస్తున్న ఆడవాళ్లు. 1890లో బ్రస్సెల్స్‌లో ఆనా బోక్ అనే చిత్రకారిణి దాన్ని 400 ఫ్రాంకులకు కొన్నది. కానీ 1882లోనే ఆయన బాబాయి ఒకరు హేగ్ నగర దృశ్యాలు 12 వేయించుకుని, ఒక్కోదానికి రెండున్నర గిల్డర్లు ఇచ్చాడు. ఆ తర్వాత మరికొన్ని ఆర్డర్ చేశాడు. తమ్ముడు థియో నెలనెలా డబ్బు పంపేవాడు, బదులుగా బొమ్మలు అతని దగ్గరికి చేరేవి. డబ్బుకి ఇబ్బంది పడ్డమాట నిజమే, ఒక్కటే అమ్ముడుపోయిందన్న లెక్క మాత్రం తప్పు.

ఎవరికీ తెలియదన్నదీ సరికాదు. 1890 జనవరిలో పారిస్ పత్రికలో విమర్శకుడు ఓరియే ఆయన్ని ఆకాశానికెత్తుతూ వ్యాసం రాశాడు. ఆ వసంతంలో పారిస్ ప్రదర్శనలో ఆయనవి పది బొమ్మలు పెడితే, అక్కడున్నవాటిలో అవే మేలైనవని పేరున్న చిత్రకారుడు మోనే అన్నాడని థియో ఉత్తరం రాశాడు. పేరు అప్పుడప్పుడే వస్తోంది. జులై 29న, 37 ఏళ్లకే ఆయన పోయాడు.

ఫార్వర్డ్‌లో అసలు లేని మనిషి థియో భార్య జొహానా. ఆరు నెలల్లో థియో కూడా పోయేసరికి 28 ఏళ్ల ఆ మరదలి చేతిలో ఏడాది నిండని బిడ్డ, ఎవరూ కొనని వందల బొమ్మలు మిగిలాయి. 1905లో ఆమ్‌స్టర్‌డామ్‌లో పెద్ద ప్రదర్శన పెట్టింది, 1914లో అన్నదమ్ముల ఉత్తరాలు అచ్చువేయించింది. 1924లో లండన్‌లోని ఆర్ట్ గ్యాలరీ వాళ్లు పొద్దుతిరుగుడు పూల బొమ్మ అడిగితే మొదట కుదరదంది. ముప్పై ఏళ్లకు పైగా రోజూ చూసుకున్న బొమ్మ అది. చివరికి విన్సెంట్ పేరు నిలవాలనే ఒప్పుకుని ఇచ్చింది.