వేలం ఇల్లు సామాన్యుడికి అందట్లేదు
అప్పు కట్టలేనివాళ్ల ఇళ్లకి బ్యాంకు వేలాలు పెరిగితే ధరలు దిగొచ్చి సామాన్యుడికి సొంతిల్లు దొరుకుతుందని రాశారు. ధర దిగడం నిజమే, దొరకడం మాత్రం మా భీమవరం వైపు నేను చూడలేదు. వేలంలో పాట దక్కినవాడు ఆ రోజో మర్నాడో పాట సొమ్ములో నాలుగో వంతు కట్టాలి, మిగతాది మామూలుగా అమ్మకం ఖరారయ్యాక 15 రోజుల్లో. లోను కోసం ఆగాల్సిన చిరుద్యోగి అంత డబ్బు ఎక్కణ్ణుంచి తెస్తాడు? చేతిలో రొక్కం ఆడేవాళ్లే పాడుకుంటున్నారు. కోర్టుకెళ్లకుండానే తాకట్టు ఆస్తిని బ్యాంకు అమ్ముకోనిచ్చే 2002 నాటి సర్ఫేసీ చట్టం సాగుభూమి జోలికి పోదు కాబట్టి రొయ్యల చెరువుకి అప్పు కావాలన్నా ఇల్లు తాకట్టు పెట్టమంటున్నారు. మా పక్కింటాయన అలాగే పెట్టాడు. వరసగా రెండు పంటలు రొయ్యలకొచ్చే తెల్లమచ్చ తెగులుకి పోయాయి. ముందు 60 రోజుల నోటీసు, ఆ తర్వాత గేటుకి స్వాధీనం కాగితం అంటించి వెళ్లారు. మర్నాడు పొద్దున్న కూడా వాళ్లావిడ ఆ గేటు ముందే కళ్లాపి చల్లి ముగ్గేసింది. చూళ్లేక లోపలికి వచ్చేశాను. పాడుకున్నాయన తాళం వేసుకుని పోయాడు, రెండేళ్లుగా దీపం లేదు, రాలిన కొబ్బరికాయలు దొడ్లోనే మొలకెత్తుతున్నాయి. ఇప్పుడు మా వీధిలో ఎవరు ఇల్లు అమ్మబోయినా బేరానికొచ్చినవాళ్లు ఆ వేలం రేటే ఎత్తుతున్నారు. పిల్ల పెళ్లికి అమ్ముదామనుకున్న మా బాబాయి అందుకే ఆగిపోయారు.