సవరణ: జ్వరం సిరప్ ఎన్ని ఎంఎల్ పోయాలి?

పిల్లల జలుబు, గొంతునొప్పి గురించి పోయిన వారం రాసిన పోస్టులో "పది కిలోల బిడ్డకు జ్వరం వస్తే పారాసెటమాల్ సిరప్ 6 ఎంఎల్ పోయండి" అన్నాను. అది సగం మాటే. 5 ఎంఎల్‌లో 120 మిల్లీగ్రాములుండే సిరప్‌కే ఆ లెక్క. 250 ఉండే సీసా అయితే అదే బిడ్డకు 3 ఎంఎల్ చాలు.

నిన్న కావలి పక్క ఊరి నుంచి ఒకావిడ బిడ్డను చంకనేసుకుని, సీసా కూడా తీసుకుని వచ్చింది. లేబుల్ మీద 250 అని ఉంది. మూతతో 6 ఎంఎల్ కొలిచి రాత్రి రెండుసార్లు పోసిందట. "మీరు రాసిందే కదా సార్" అంది. బిడ్డ బాగానే ఉన్నాడు, కానీ తప్పు నాదే. ఆ మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు.

కాబట్టి ముందు సీసా తిప్పి చూడండి. డోసు కిలోకు 15 మిల్లీగ్రాములు మించకూడదు. డోసుకీ డోసుకీ కనీసం నాలుగు గంటలు ఆగాలి, రోజుకు నాలుగుసార్లకు మించి వద్దు. చుక్కల మందు ఇంకా గాఢంగా ఉంటుంది, దాన్ని సిరప్ లెక్కన అస్సలు పోయకండి. మూడు నెలల్లోపు బిడ్డకు జ్వరమొస్తే ఇంట్లో మందు వేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

దగ్గుకి తేనె నాకించమని కూడా రాశాను, వయసు చెప్పలేదు. ఏడాది నిండని బిడ్డకు తేనె వద్దు. బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు.

పాత పోస్టు ఎవరికైనా పంపి ఉంటే, దయచేసి ఇది కూడా పంపండి.