తొలి యాప్ ఎవరి చేతిలో పెట్టాలి?

నల్లగొండ, మహబూబ్‌నగర్ రెండూ హైదరాబాద్‌కు వంద కిలోమీటర్ల దూరంలోనే ఉన్నాయి. స్టార్టప్ పెట్టాలనుకునే మన పిల్లల్ని ఈ దగ్గరితనమే ఒక్కోసారి తప్పుదారి పట్టిస్తోంది. ఆలోచన ఇక్కడిది, సమస్య ఇక్కడిది, రేపు వాడబోయే జనం కూడా ఇక్కడివాళ్ళే. యాప్ చేయించడానికి మాత్రం పొద్దున్నే బస్సెక్కి మాదాపూర్ పోతారు. అద్దాల ఆఫీసులో గంటసేపు మాట్లాడి, ముప్పై పేజీల కొటేషన్ పట్టుకుని సాయంత్రానికి తిరిగొస్తారు. ఆ కొటేషన్‌కు కట్టే డబ్బు చాలా ఇళ్ళలో నాన్న అమ్మిన అరెకరం, లేదంటే అమ్మ కుదువపెట్టిన బంగారం. అందుకే ఈ విషయం గట్టిగా మాట్లాడుకోవాలి.

టీమ్‌ను ఎంచుకునేటప్పుడు కోడ్ ఎంత బాగా రాస్తారన్నది రెండో ప్రశ్న. మీరు రాసుకొచ్చిన లిస్టులో ఏది అక్కర్లేదో మీ మొహం మీద చెప్పగలరా అన్నది మొదటిది. తొలి ప్రొడక్ట్ సగం ఊహల మీదే నిలబడి ఉంటుంది. జనం చేతిలో పడ్డాక అందులో చాలా భాగం మారక తప్పదు.

బస్సు టికెట్లు ఆన్‌లైన్‌లో అమ్మే రెడ్‌బస్ సంగతే చూడండి. 2006లో మొదలైన ఆ కంపెనీ వ్యవస్థాపకుల్లో ఒకరు ఫణీంద్ర సామా. తర్వాత తెలంగాణ ప్రభుత్వానికి చీఫ్ ఇన్నోవేషన్ ఆఫీసర్‌గానూ పనిచేశారు. వాళ్ళు మొదట బస్సు ఆపరేటర్ల కోసం సాఫ్ట్‌వేర్ రాశారు. ఆపరేటర్లు పెద్దగా పట్టించుకోలేదు. అప్పుడు వాళ్ళ దగ్గర కొన్ని సీట్లు తీసుకుని ఆన్‌లైన్‌లో అమ్మడం మొదలుపెట్టారు. రాసింది తామే కాబట్టి దారి మార్చుకోవడం కుదిరింది. ఫలానా ఫీచర్లకు ఇంత అని బయటి కంపెనీతో ముందే అగ్రిమెంట్ చేసుకుని ఉంటే, ఆ మలుపు దగ్గరే డబ్బు అయిపోయేది.

ఇక మన బత్తాయి తీసుకుందాం. తోట రైతునూ హైదరాబాద్ జ్యూస్ షాపునూ నేరుగా కలిపే యాప్ పెట్టాలని నల్లగొండ కుర్రాడొకడు అనుకున్నాడనుకోండి. ఏజెన్సీ కొటేషన్‌లో ఓటీపీ లాగిన్, వాలెట్, రేటింగులు, లైవ్ ట్రాకింగ్, అడ్మిన్ ప్యానెల్ ఉంటాయి. ఆండ్రాయిడ్‌కు ఒకటి, ఐఫోన్‌కు ఒకటి. ఒక్కోదాని పక్కన ఒక్కో రేటు, కింద 18 శాతం జీఎస్టీ. జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేని కొత్త సంస్థకు ఆ 18 శాతం తిరిగి రాదు, ఖర్చు కిందే పోతుంది.

పని తెలిసిన టీమ్ అయితే కొటేషన్ కంటే ముందు తోటకొస్తుంది. అక్కడ కథ వేరు. రేటు తోటలో మాట్లాడుకుంటారు. కాయ తెంపి బండికెత్తాక కాంటా దగ్గర తరుగు పేరుతో కోత పడుతుంది. మచ్చ కాయ, చిన్న కాయ పక్కకు పోతాయి. వ్యాపారి దగ్గర ముందే అడ్వాన్స్ తీసుకున్న రైతు, ఫోన్‌లో మంచి రేటు కనబడినా అతన్ని కాదని అమ్మలేడు. గొడవంతా కాంటా చీటీ చుట్టూ తిరుగుతుంది: లోడు బండి బరువెంత, ఖాళీ బండి బరువెంత, తరుగు ఎంత తీశారు, డబ్బులు ఎప్పుడిస్తారు. ఇదంతా కళ్ళారా చూసిన డెవలపర్ చెప్పే మాట వేరేగా ఉంటుంది. "వాలెట్ ఇప్పుడొద్దన్నా, ట్రాకింగూ వద్దు. చీటీ ఫోటో తీస్తే లెక్క రైతుకు తెలుగులో పోయేలా ఒక్క స్క్రీన్ చేద్దాం. మిగతాదంతా ఈ సీజన్‌కు వాట్సాప్‌లో నడిపించు." తన బేరాన్ని తానే తగ్గించుకునే ఈ మాట వినబడితే ఆ మనిషిని వదలకండి.

మన జిల్లాల్లో బోరు వేయించినవాళ్ళకు మిగతాది విడమరిచి చెప్పక్కర్లేదు. నీళ్ళు పడ్డా పడకపోయినా బోరు బండికి అడుగుల లెక్కన కట్టాల్సిందే. ఫీచర్ల లెక్కన కొటేషన్ ఇచ్చే ఏజెన్సీకీ లోతు పెరిగేకొద్దీ లాభం. వాళ్ళు మోసం చేస్తున్నారని కాదు, ఆ బేరం స్వభావమే అంత. ఫిక్స్‌డ్ రేటు మాట్లాడుకున్నా తిప్పలు తప్పవు. రెండో నెలలో మీరొక మార్పు అడగగానే 'చేంజ్ రిక్వెస్ట్' అని కొత్త బిల్లు వస్తుంది. అక్కడి నుంచి ఇద్దరూ ఎదురెదురు పార్టీలైపోతారు. రెండు వారాలకొకసారి పని చూసి డబ్బు కట్టే పద్ధతి, ఎప్పుడైనా ఆపుకునే వీలు తొలి ప్రొడక్ట్‌కు నయం.

మరి మనవాళ్ళతోనే చేయిస్తే? "మా మేనల్లుడు గచ్చిబౌలిలో పనిచేస్తాడు, రాత్రిళ్ళు కూర్చుని చేసిస్తానన్నాడు" అనే మాట చాలా ఇళ్ళలో వినబడుతుంది. అభిమానం మంచిదే. కానీ అతని ఆఫీసులో రిలీజ్ టెన్షన్ మొదలైతే మీ పని మూడు నెలలు అటకెక్కుతుంది, బంధువు కాబట్టి గట్టిగా అడగనూ లేరు. పైగా చాలా కంపెనీల ఉద్యోగ ఒప్పందాలు బయటి పనిని నిషేధిస్తాయి. అతన్ని కొటేషన్లు చదివి చెప్పే సలహాదారుగా ఉంచుకోండి, అది అతనూ సంతోషంగా చేస్తాడు. వాటా తీసుకుని ఉద్యోగం మానేసి మీతో కూర్చునే కోఫౌండర్ దొరికితే మాత్రం అంతకు మించింది లేదు. అయితే అలాంటివాళ్ళు అరుదు.

డెమో చూసి మురిసిపోయే రోజులు పోయాయి. ఏఐ టూల్స్‌తో అందమైన స్క్రీన్లు రెండు రోజుల్లో తయారవుతాయి. వాళ్ళు చేసిన యాప్ ప్లేస్టోర్‌లో ఇవాళ్టికీ నడుస్తోందా, చివరి అప్‌డేట్ ఎప్పుడు వచ్చింది, రివ్యూల్లో జనం దేనికి తిడుతున్నారు? ఇవి చూడండి. పని మధ్యలో ఆగిపోయిన పాత క్లయింట్‌తో ఒకసారి మాట్లాడించమనండి. మీటింగ్‌లో చక్కగా మాట్లాడిన మనిషి కోడ్ రాయకపోవచ్చు, రాసేవాళ్ళను పేరుపేరునా కలవండి. ఆ తర్వాత చిన్న పని డబ్బిచ్చి చేయించుకోండి. అది తక్కువ ధర ఫోన్లో, సిగ్నల్ సరిగా అందని దేవరకొండ తండాలోనో అమ్రాబాద్ వైపు ఊళ్ళోనో పనిచేయాలి. అక్కడ తెరుచుకోని యాప్ మాదాపూర్ వైఫైలో ఎంత వేగంగా నడిచినా మీకు పనికిరాదు.

కాగితాల దగ్గర మన పిల్లలు మరీ అమాయకంగా ఉంటున్నారు. డబ్బు కట్టాం కాబట్టి కోడ్ మనదే అనుకుంటారు. చట్టం అలా లేదు. 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 17 ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే ఉద్యోగి ఉద్యోగంలో భాగంగా రాసినదానికి యజమాని హక్కుదారు. బయటి ఏజెన్సీకో ఫ్రీలాన్సర్‌కో ఇచ్చిన పనికి ఇది వర్తించదు. సంతకంతో రాతపూర్వకంగా బదిలీ చేస్తేనే హక్కు మీకొస్తుంది. ఆ కాగితంలో కాలం రాయకపోతే సెక్షన్ 19 దాన్ని 5 ఏళ్ళుగానే లెక్కిస్తుంది, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. శాశ్వతంగా, ప్రపంచమంతటా అన్న మాటలు కాగితం మీద ఉండి తీరాలి.

ఖాతాల సంగతీ అంతే. డొమైన్, క్లౌడ్, కోడ్ దాచే చోటు, ప్లేస్టోర్ ఖాతా, అన్నీ మీ ఈమెయిల్‌తో, మీ ఫోన్ నంబరుతో తెరవండి. ప్లేస్టోర్ ఖాతాకు ఒక్కసారి 25 డాలర్లు కడితే చాలు. 2023 నవంబర్ 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత ఖాతాలకు మాత్రం 12 మంది టెస్టర్లతో వరుసగా 14 రోజులు పరీక్షించాలన్న నిబంధన ఉంది. ఈ తలనొప్పి చూపించి "మా ఖాతాలో పెట్టేస్తాం" అంటారు. ఒప్పుకుంటే, రేపు విడిపోవాల్సి వచ్చినప్పుడు యాప్ మీ ఖాతాకు మార్చమని వాళ్ళనే బతిమాలాలి. ఓటీపీ మెసేజ్‌లు పంపాలంటే టెలికాం కంపెనీల దగ్గర డీఎల్‌టీ రిజిస్ట్రేషన్ అనే నమోదు ఉండాలి, అది కూడా మీ సంస్థ పేరునే చేయించండి.

2023లోనే మహబూబ్‌నగర్ దివిటిపల్లిలోనూ నల్లగొండలోనూ ఐటీ టవర్లు తెరిచారు. ఆ భవనాల్లో ఉద్యోగాలెన్ని వచ్చాయన్న లెక్క ఒక్కటే మాట్లాడుకుంటున్నాం. నెలకో రోజు అక్కడ ఒక అనుభవమున్న ఇంజినీరునూ ఒక లాయరునూ కూర్చోబెట్టాలి. యాప్ చేయించుకోవాలనుకునే ఎవరైనా కొటేషన్ తెచ్చి చూపించుకునే వీలుండాలి. ఏ లైను కొట్టేయాలో, ఏ లైను చేర్చాలో సంతకం పెట్టకముందే చెప్పేవాళ్ళు జిల్లాలోనే దొరకాలి. ఆ ఇద్దరికీ ఏడాదంతా ఇచ్చే గౌరవ వేతనం కోసం పెద్ద బడ్జెట్ ఏమీ అక్కర్లేదు.