ఇంటి మెరక, ఊరి పల్లం

గోదావరి డెల్టాలో ఇల్లు కట్టదలచినవారు మొదట వాకబు చేసేది మట్టి గురించి. ఎన్ని ట్రాక్టర్లు తోలితే స్థలం మెరక అవుతుంది, పక్కింటి పునాదికంటే మన పునాది ఎన్ని అడుగులు లేవాలి అన్న లెక్క తేలాకే సిద్ధాంతికీ తాపీమేస్త్రీకీ కబురు వెళుతుంది. ఆ జాగ్రత్తను తప్పుపట్టలేం. 2022 జూలైలో ధవళేశ్వరం నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద దిగువకు పోటెత్తినప్పుడు లంక గ్రామాలు పడ్డ అవస్థ ఇంకా కళ్ల ముందే ఉంది. అయితే నీరు పల్లమెరుగు. కొత్త ఇంటి మెరక మీద పడిన వాన పక్కనున్న పెంకుటింటి వాకిట్లోకి చేరుతుంది. పాత రోడ్డును తవ్వకుండా దానిమీదే మళ్లీ సిమెంటు రోడ్డు పోయడం ఆనవాయితీ కావడంతో, ఒకప్పుడు మూడు మెట్లెక్కి ప్రవేశించిన ఇంట్లోకి ఇప్పుడు మెట్టు దిగి వెళ్లవలసిన వీధులు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. అలా పల్లమైపోయిన ఇల్లు చాలావరకు తిరిగి కట్టుకునే స్తోమత లేనివారిదే.

ఈ చిక్కును ఏ ఒక్క ఇంటివారూ విడిగా విప్పలేరు. ఇంటినీ వీధినీ మురుగు కాలువనూ కలిపి చూడగల ఆర్కిటెక్టు అవసరం ఇక్కడే ఉంది. కానీ ఆర్కిటెక్టు అంటే కలిగినవారి మేడకు ముందరి సొగసులు గీసే మనిషి అన్న అభిప్రాయం మన పట్టణాల్లో పాతుకుపోయింది. ఆ వృత్తిలోనివారు కూడా దాన్ని మార్చడానికి పెద్దగా శ్రమపడినట్టు కనబడదు.

కోనసీమ మండువా లోగిళ్లను కట్టిన పనివాళ్లకు చదువు పట్టాలు లేకపోయినా నీటి నడక తెలుసు. నాలుగు వైపుల చూరుల నుంచి మండువాలోకి జారిన వాన తూము గుండా బయటికి పోయేది. మధ్యనున్న ఆ ఖాళీయే గదులకు వెలుతురునూ గాలినీ ఇచ్చేది. ఇదంతా చెప్పి పాతకాలాన్ని పొగడటం మా ఉద్దేశం కాదు. ఆ లోగిళ్లు భూస్వాములవి, తుపానుకు ఎగిరిపోయిన తాటాకిళ్లు కూలీలవి. వీధి అరుగు మీద ఎవరు కూర్చోవాలో ఎవరు కింద నిలబడాలో కులం నిర్ణయించిన రోజులవి. మనకు కావలసింది ఆ ఇళ్ల నకలు కాదు, వాటిలోని ఉపాయం. వెడల్పయిన చూరు గోడను జడివాన నుంచీ ఎండ నుంచీ కాచేది. నేటి డాబాలకు చూరు లేదు, చాలాచోట్ల కిటికీలపై జానెడు సన్‌షేడ్ కూడా లేదు. వైశాఖంలో రాత్రి పదింటికి కూడా శ్లాబు సెగలు కక్కుతుంటే ఏసీ కొనలేనివారు డాబా ఎక్కి పడుకుంటున్నారు.

తిరువనంతపురంలో స్థిరపడిన ఆర్కిటెక్టు లారీ బేకర్ ఇటుకలను పక్కకు నిలబెట్టి, గోడ నడుమ ఖాళీ వదిలే రాట్ ట్రాప్ కట్టుబడిని ప్రచారంలోకి తెచ్చారు. దానివల్ల దాదాపు నాలుగో వంతు ఇటుకలు మిగులుతాయి, ఆ ఖాళీ వేడిని కొంత ఆపుతుంది. శ్లాబు అడుగు భాగంలో కాంక్రీటు అంతగా అక్కరలేని చోట పాత పెంకులు పేర్చడం ఆయన వాడిన మరో పద్ధతి. పెంకుటిళ్లు కూల్చి పెంకులను గోతుల్లో పారబోస్తున్న మన ప్రాంతానికి ఇంతకంటే పనికివచ్చే ఆలోచన ఏముంటుంది? తుపాను తాకిడి ఉన్న చోట స్ట్రక్చరల్ ఇంజినీరు లెక్క చూశాకే వీటిని వాడాలన్నది వేరే చెప్పనక్కరలేదు. సఖినేటిపల్లి, అల్లవరం వంటి తీర మండలాల్లో ఇంకో జాగ్రత్త ఉంది. ఇనుప చువ్వలు వేసే కాంక్రీటుకు వాడే నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించరాదని భారత ప్రమాణం ఐఎస్ 456 చెబుతోంది. ఉప్పదేరిన బోరునీటిని పరీక్షించకుండా కలిపితే చువ్వలు తుప్పుపట్టి, అప్పు తీరకముందే శ్లాబు పెచ్చులూడుతుంది.

పేదల కాలనీలకు ఈ ఆలోచనలు మరింత అవసరం. సెంటు స్థలమంటే 48.4 చదరపు గజాలు. ఇండోర్‌లోని అరణ్య కాలనీలో ఆర్కిటెక్టు బాలకృష్ణ దోషి ఇరుకు స్థలాలకే పునాదీ మరుగుదొడ్డీ ముందుగా ఏర్పాటు చేయించి, సంపాదననుబట్టి గదులు పెంచుకునే వీలు కల్పించారు; ఇళ్ల మధ్య చిన్న చిన్న ఖాళీలను పిల్లలకూ పెద్దలకూ వదిలారు. మన కాలనీల్లో ఒకే నమూనా ఇళ్లు బారులు తీరి ఉంటాయి, వరి చేలను పూడ్చిన ఆ పల్లాల్లో మురుగు ఎటు పోవాలో మాత్రం నిర్ణయం కాదు. భూగర్భజలం పైపైనే ఉండే ఈ నేలలో సెప్టిక్ ట్యాంకును చేతిపంపు పక్కనే తవ్వితే ఏమవుతుందో ఊహించడానికి చదువు అక్కరలేదు.

ప్రతి ఇంటికీ ఆర్కిటెక్టును పెట్టుకోమనడం అత్యాశ. ఇల్లు కట్టేది మేస్త్రీయే గనుక ఈ పద్ధతులు ఆయన చేతికి అందాలి. నైపుణ్య శిక్షణ పేరుతో ప్రభుత్వం పెట్టే ఖర్చులో కొంత దీనికి మళ్లించాలి. విజయవాడలో 2008 నుంచి జాతీయ స్థాయి ప్లానింగ్, ఆర్కిటెక్చర్ విద్యాసంస్థ ఉంది. అక్కడి విద్యార్థులు ఏటా కొన్ని డెల్టా గ్రామాల ఎత్తుపల్లాలు కొలిచి, ఏ వీధి నీరు ఏ కాలువలో కలవాలో పటం గీసి ఇస్తే, పంచాయతీలు ఇంటి ప్లానుకు అనుమతి ఇచ్చేటప్పుడే పునాది ఎత్తును ఖరారు చేయగలవు. పాత పొరను తొలగించాకే కొత్త రోడ్డు పోయాలన్న షరతుకు పటం కూడా అక్కరలేదు. వచ్చే వేసవి పనులకు టెండర్లు పిలిచే ముందు ఆ ఒక్క వాక్యాన్ని ఒప్పందంలో చేర్చాలి.