‘వాడి డబ్బు, వాడి ఒళ్ళు’... నిజంగానా?

“వాడి డబ్బు, వాడి ఒళ్ళు. పోతే వాడే పోతాడు. డ్రగ్స్‌కి బానిసైనవాళ్ళ వైద్యానికి మన పన్నులు దండగ, జైల్లో పడేస్తే దారికొస్తారు.” వాట్సాప్‌లో తెగ తిరుగుతున్న మెసేజ్ ఇది. నాకే మూడు గ్రూపుల్లో వచ్చింది.

వాడి డబ్బు అన్నది మొదట్లో నిజమే కావచ్చు. అలవాటు ముదిరేకొద్దీ అదే మత్తుకి ఎక్కువ మోతాదు కావాలి, ఉద్యోగమేమో అప్పటికే ఊగుతూ ఉంటుంది. ఆ లోటు ఇంట్లోంచే పూడాలి. ముందు చిల్లర, తర్వాత చెల్లెలి గొలుసు, ఆ తర్వాత అప్పులవాళ్ళ ఫోన్లు. అలాంటి ఇంట్లో తల్లి పర్సు దిండు కింద పెట్టుకుని పడుకుంటుంది. బాత్‌రూమ్ గడియ ఊడదీసి ఉంటుంది, లోపల పడిపోతే తలుపు బద్దలుకొట్టే పని లేకుండా. కొడుకు రావడం అరగంట ఆలస్యమైతే ఇంటిల్లిపాదికీ టెన్షనే. చివరికి కాపలా కోసం ఎవరో ఒకరు ఉద్యోగం మానేస్తారు. ఆ పోయిన జీతాన్ని ఎవరి ఖాతాలో రాయాలి?

ఇక ఒళ్ళు. ఒకే సిరంజి నలుగురు వాడితే హెచ్‌ఐవీ, హెపటైటిస్ సి పాకుతాయి. హెచ్‌ఐవీ అక్కడితో ఆగక, ఏనాడూ మత్తు ముట్టని భార్య దాకా వస్తుంది.

వైద్యం దండగ అనేవాళ్ళు ఈ లెక్క చూడాలి. చికిత్సకి పెట్టే ఒక్కో డాలర్ నేరాలు, కోర్టులు, దొంగతనాల ఖర్చులో 4 నుంచి 7 డాలర్లు మిగులుస్తుందని అమెరికా జాతీయ మాదకద్రవ్య అధ్యయన సంస్థ అంచనా. మానినవాళ్ళలో 40 నుంచి 60 శాతం మళ్ళీ మొదలుపెడతారన్నదీ ఆ సంస్థ చెప్పే మాటే, దాచాల్సిన పనిలేదు. బీపీ మాత్రలు ఆపేస్తే బీపీ మళ్ళీ పెరుగుతుంది, అంతమాత్రాన మాత్రలు దండగ అనం కదా.

అమ్మేవాణ్ణి జైల్లో వేయండి, కాదనను. వాడేవాణ్ణి చికిత్స లేకుండా వేస్తేనే చిక్కు. హెరాయిన్ లాంటివి కొన్నాళ్ళు ఆగితే, పాత మోతాదుని తట్టుకునే శక్తి ఒంటికి పోతుంది. బయటికొచ్చి పాత అలవాటు కొద్దీ అంతే తీసుకుంటే ఊపిరి ఆగిపోతుంది. అందుకే విడుదలైన మొదటి రెండు వారాల్లోనే చావులు ఎక్కువ. ఆ గండం గట్టెక్కినవాడికి ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న: “ఈ రెండేళ్ళు ఏం చేశారు?”