సవరణ: మెల్ఫీ టోనీని ఎందుకు వదిలేసిందంటే

సొప్రానోస్ అంటే టోనీ అనే మాఫియా నాయకుడి కథ చెప్పే అమెరికన్ టీవీ సిరీస్, మెల్ఫీ అతని సైకియాట్రిస్టు. మొన్న దానిమీద రాసిన పోస్టులో "డాక్టర్ మెల్ఫీ భయపడి టోనీకి థెరపీ ఆపేసింది" అన్న లైను తీసేశా, మారతహళ్లి పీజీలో మావాళ్లంతా దానిమీదే గొడవ. ఆ భయం సంగతి ఫస్ట్ సీజన్ చివర్లోది, టోనీయే ఊరు వదిలి వెళ్లమంటే ఆవిడ వెళ్లి, తర్వాత మోటెల్‌లో పేషెంట్లని చూసుకుంది, కొన్నాళ్లకి మళ్లీ అతన్ని తీసుకుంది కూడా. పూర్తిగా కట్ చేసింది 2007లో, చివరి ఎపిసోడ్‌కి ముందుదాంట్లో. డిన్నర్‌లో తోటి డాక్టర్లు ఒక స్టడీ గురించి ఎత్తుతారు, ఇలాంటి నేరస్తులకి మాటల థెరపీ ఇస్తే మారరు సరికదా ఎదుటివాళ్లని ఆడించడంలో ఇంకా ఆరితేరతారని. ఆవిడ ఇంటికెళ్లి అది చదివి తలుపు మూసేసింది. అన్నేళ్లు కూర్చోబెట్టి మాట్లాడి, ఒక్క రోజులో అలా పంపేయడం నాకైతే నచ్చలేదు, అది వేరే విషయం.

ఇంకోటి, కామెంట్లలో "తల్లే కొడుకుని చంపమంది" అన్నారు కదా, టోనీ తల్లి లివియా ఎక్కడా నేరుగా అలా అనదు. తనని వృద్ధాశ్రమంలో పడేశాడని కడుపుమంట, దానికితోడు వాడు సైకియాట్రిస్టు దగ్గరికెళ్తున్నాడని మనవడు నోరుజారాడు, అది తీసుకెళ్లి మరిది... సారీ, బావగారు, అంటే టోనీ పెదనాన్న జూనియర్ చెవిలో వేసింది, అబ్బే నాకేం తెలుసు అన్నట్టు ఏడుస్తూ. మిగతాది, అంటే టోనీని చంపించే ఏర్పాటు, ఆయనే చూసుకున్నాడు. టోనీకి తెలిసింది ఎఫ్‌బీఐ వాళ్లు ఆ ఇద్దరి మాటల టేపులు వినిపిస్తేనే.